ఇన్‌స్పెక్టరుగారి కుట్టుపని

ఆయన పోయారన్న కబురు మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి ఉదయం టిఫిన్ల వేళ వచ్చింది. కాఫీ చల్లారేలోపే దండం పెట్టే బొమ్మలు బారులు తీరాయి. ‘మహానుభావుణ్ని కోల్పోయాం’ అని మూడో అంతస్తు బ్యాంకు మేనేజరుగారు రాశారు. ఆ మహానుభావుడు లిఫ్టులో ఉన్నాడని తెలిస్తే మోకాళ్ల నొప్పులతో సహా మెట్లెక్కి వెళ్లిన మనిషి ఈ మేనేజరుగారే. ‘మా అందరికీ మార్గదర్శి’ అని సెక్రటరీ రాశాడు. ఆ మార్గదర్శి ఎదురుపడకుండా ఉండాలని స్కూటరును వెనక గేటు దగ్గర పెట్టుకునేవాడు అతను.

నేనేమీ రాయలేదు. ఉన్నమాట రాయాలనిపించింది. ఉన్నమాటకు వేసే బొమ్మ ఫోన్లో దొరకలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆయన మంచివారు కాదు. మంచితనం సంగతి అలా ఉంచి, పది నిమిషాలు పక్కన కూర్చోదగ్గ మనిషి కూడా కాదు. అలాంటి మనిషి పక్కన నేను ఏడాది పైగా, రోజూ రెండేసి గంటలు కూర్చున్నాను.

ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. తయారై వచ్చిన ఇనప కడ్డీల్లో పగుళ్లూ వంకరలూ వెతికి పక్కన పడేయించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కడ్డీలు దొరకలేదు. మేం దొరికాం. చొక్కా జేబులో మడతపెట్టే భూతద్దం, ఆరంగుళాల స్టీలు స్కేలు ఎప్పుడూ ఉండేవి. వీధి చివర బండి మీద ఇడ్లీని పైకెత్తి, అంచు పలచబడిందని చెప్పి, తిని వచ్చేవారు. వాచ్‌మన్ సెల్యూట్ కొడితే మోచేతి కోణం సరిచేసేవారు. వినాయక చవితి పందిరికి కట్టిన గుడ్డ తిరగేసి ఉందని పూజ మధ్యలో లేచి చెప్పారు. నిజమే, తిరగేసే ఉంది. అదే ఆయనతో చిక్కు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. వాటన్నిటికీ చివర ఒకటే మాట ఉండేది: “రిజెక్ట్.”

మావారు ప్లాంటులో రిటైరయ్యాక మేం ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి ఈ అపార్ట్‌మెంటుకు వచ్చాం. నేనూ టీచరు ఉద్యోగం నుంచి అదే ఏడాది దిగిపోయాను. మావారికి టీవీ ఉంది. నాకేమీ లేదు. చిన్నప్పుడు మా అమ్మ మిషను మీద లంగాలూ దిండు గలీబులూ కుట్టేదాన్ని. ఉద్యోగం వచ్చాక మిషను మీద పూలకుండీ పెట్టాం, ఆ తర్వాత మిషనే ఎటో పోయింది. ఇప్పుడు ఫోన్లో ఎవరో తెల్లావిడ ఎండ పడుతున్న గదిలో కూర్చుని, నవ్వుతూ, గుడ్డముక్కలు అతికి దుప్పటి కుడుతుంటే చూశాను. దాన్ని ఆవిడ క్విల్టు అంటోంది. మా అమ్మ బొంత అనేది. పాత చీరలు నాలుగు పొరలు పరిచి కుట్టేది, కుడుతూ నవ్వేది మాత్రం కాదు. మొత్తానికి నాకూ మళ్లీ బుద్ధి పుట్టింది. కరెంటు మిషను కొన్నాను. నలభై రకాల కుట్లు వేస్తుందని డబ్బా మీద రాశారు. నాకు వచ్చింది ఒక్కటే, అదీ వంకరగా.

మూడో రోజు పదింటికి తలుపు చప్పుడైంది. కింది ఫ్లాటు ఆయన. ఇస్త్రీ ప్యాంటు, టక్ చేసిన చొక్కా, చేతులు వెనక్కి.

“టీచరుగారూ, మీ నివాసం నుంచి శబ్దం వెలువడుతున్నది. పరిశీలించవలసి ఉన్నది” అన్నారు. ఆయన ఎప్పుడూ ఫైల్లోంచి చదివినట్టే మాట్లాడేవారు.

లోపలికి రమ్మన్నాను. మిషను చూశారు, తాకలేదు. బొంత అంచు రెండు వేళ్లతో ఎత్తి, భూతద్దం తెరిచారు.

“అంగుళానికి కుట్లు ఎన్ని?”

“లెక్కపెట్టలేదు అన్నయ్యగారూ.”

“ఇక్కడ ఏడు. ఇక్కడ పది. ఇక్కడ అసలు లేవు. రిజెక్ట్.”

ముప్పై ఏళ్లు పిల్లల నోటుపుస్తకాల మీద ఎర్ర సిరాతో ఇంటూలు కొట్టినదాన్ని. నా పని మీద ఎవరో ఇంటూ కొట్టడం అదే మొదటిసారి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మళ్లీ పదింటికి వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. కుర్చీ నాకు కుడివైపు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. నేను కుట్టాలి, ఆయన తప్పు పట్టాలి. పొమ్మనలేకపోయాను. ఎందుకంటే ఆయన తప్పు పట్టిన చోట విప్పి కుడితే నిజంగానే బాగుండేది. ఒకరోజు ఇంకా గుమ్మంలో ఉండగానే అన్నారు, “సూది మొద్దుబారింది. కింద మా గదిలోకి వినబడుతున్నది.” మార్చి చూస్తే కుట్టు నున్నగా పడింది.

“మీకు కుట్టు వచ్చా అన్నయ్యగారూ?” అని అడిగాను.

ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. “నాకెందుకు వస్తుంది? లోపం పట్టడానికి పని రానక్కర్లేదు.”

ఆ మాట మావారికి చెబితే, టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా, ప్లాంటులో చాలామంది అలాగే రిటైరయ్యారన్నారు.

ఎండాకాలం మొదట్లో మిషను మొరాయించింది. దారం కింద ఉండలు చుట్టేసుకుంటోంది. కొన్నచోట అడిగితే నెల పడుతుందన్నారు. పాత టౌన్లో ఒక సాయిబు ఎలాంటి మిషనైనా గంటలో బాగుచేస్తాడని ఎవరో చెప్పారు. ఆటో పిలిచాను. ఆయన కూడా ఎక్కి కూర్చున్నారు. “మరమ్మతు సమయంలో సాంకేతిక పర్యవేక్షణ అవసరం” అన్నారు.

సాయిబు దుకాణం సన్నటి సందులో ఉంది. గోడ నిండా మిషను తలకాయలు. తెల్లగడ్డం సాయిబు నా మిషను తలకిందులు చేసి, చిన్న బ్రష్‌తో పీచు తీస్తూ, మధ్యలో తలెత్తి మా ఇన్‌స్పెక్టరుగారిని చూశాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ చూశాడు.

“సాబ్, మీది కంచరపాలెం గదా?”

“కాదు. ఉక్కునగరం.”

“అది తరవాత. ముందు కంచరపాలెం. రైలు గేటు కాడ టైలరు దుకాణం మీ నాయనదే. ఆ మిషను నానే బాగుసేసీవోణ్ణి. నువ్వు గడప మీద కూకుని కాజాలు కుట్టీవోడివి. నీ కాజా సూసి మా అబ్బా ఏమనీవోడో తెలుసా? ఈ సెయ్యి బంగారం అనీవోడు.”

సాయిబు ముఖం వెలిగిపోతోంది. ఇన్‌స్పెక్టరుగారి ముఖం మాత్రం ఇనప కడ్డీలా అయిపోయింది.

“మీరు పొరపడుతున్నారు. మా తండ్రిగారు కాంట్రాక్టరు.”

“కాంట్రాక్టరా? ఏం కాంట్రాక్టు సాబ్?” సాయిబు వెక్కిరించలేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

“గవర్నమెంటు కాంట్రాక్టు” అని ఆయన బయటికి వెళ్లి, మిట్టమధ్యాహ్నపు ఎండలో, సందు గోడకు ఎదురుగా నిలబడ్డారు. సాయిబు తలవంచి మళ్లీ పనిలో పడ్డాడు. దారం తొడిగి, గుడ్డముక్క మీద కుట్టి చూపించి, మిషను అప్పగించాడు.

తిరుగు దారిలో ఆయన ఒకటే మాట అన్నారు. “ఆ వ్యక్తి జ్ఞాపకశక్తి నమ్మదగినది కాదు.” నేను పోర్టు క్రేన్ల వైపు తిరిగి కూర్చున్నాను. నవ్వు ఆపుకోవడానికి పెదవి లోపల కొరుక్కున్నాను.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ రెండో అంతస్తు ఆవిడకు మొత్తం చెప్పాను. కాంట్రాక్టరు అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో అనుకరించి మరీ చూపించాను. చివర్లో “ఎవరికీ చెప్పకండి” అన్నాను. మా అపార్ట్‌మెంటులో ఒక సంగతి అందరికీ చేరాలంటే అంతకంటే మంచి మార్గం లేదని నాకు తెలియక కాదు. ఎన్ని రోజులుగా ఎన్ని కుట్లు విప్పించారో మరి, నాకు ఆ పూట పండగలా ఉంది.

రెండు రోజుల్లో ఆయన గుమ్మం ముందుకు ప్యాంట్లు రావడం మొదలైంది. మొదట సెక్రటరీ. “ఇన్‌స్పెక్టరుగారూ, ఇది కొంచెం పొడుగైంది, మడిచి కుట్టి పెడుదురూ” అని సంచీ తలుపుకు తగిలించి వచ్చాడు. తర్వాత బ్యాంకు మేనేజరుగారు. తర్వాత ఎవరెవరో. ఎవరో తలుపు గొళ్లేనికి కొలతల టేపు దండలా వేశారు. ఆయన చేత ఎప్పుడో మాట పడ్డ ప్రతి మనిషీ ఇంట్లో పాత ప్యాంటు వెతుక్కున్నాడు. గట్టిగా నవ్వినవాళ్లంతా రిటైరైన పెద్దమనుషులే. వాచ్‌మన్ ఒక్కడే ఏమీ ఇవ్వలేదు. అతనికి ఉన్నవి రెండు ప్యాంట్లు, రెండూ సరిపోతాయి.

ఆ తలుపు తెరుచుకోలేదు. పదింటికి నా కుడివైపు కుర్చీ ఖాళీగా ఉండేది. నా కుట్టు ఎలా పోయినా అడిగేవాళ్లు లేరు. హాయిగా ఉండాలి కదా, లేదు.

అయిదో రోజు ఆయన భార్య వచ్చింది. వదిన పొట్టి మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆయన పక్కన ఉన్నప్పుడు ఆవిడ గొంతు మేం విన్నది తక్కువ. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏటమ్మా టీచరమ్మా, ఆయన అయిదు రోజులై నోరిప్పలేదు. నిన్న కూరలో ఉప్పెయ్యడం మర్సిపోనాను. తినీసి లేసిపోనాడు. ఏటీ అనలేదు. అప్పుడు బయమేసింది నాకు.”

“నేనేం…” అన్నాను.

“ఆయన టైలరు కొడుకని నాకు తెల్దనుకున్నారేటి అందరూ? నా పెళ్లి జాకెట్టు కుట్టింది ఆయనే. కొలతకి పాత జాకెట్టు పంపమంటే మాయమ్మ పంపింది. ఎవులు కుట్టేరో పెళ్లైనాక తెలిసింది. ఎవులికీ సెప్పకని ఒట్టేయించుకున్నాడు. నలభై యేళ్లు సెప్పలేదు నాను. నువ్వు నాలుగ్గంటలు ఆగలేకపోనావు.”

అని వెళ్లిపోయింది. నేను పాఠం రాని పిల్లలా నిలబడ్డాను.

ఆ ఆదివారం పొద్దున కింద ఆటో ఆగింది. సాయిబు దిగాడు. ఆటోలో కాలితో తొక్కే పాత మిషను, ఇన్‌స్పెక్టరుగారే కబురుచేసి తెప్పించుకున్నారని వదిన తర్వాత చెప్పింది. ఇన్‌స్పెక్టరుగారు బాల్కనీలోంచి చూసి కిందికి దిగి వచ్చారు. లుంగీ, బనీను. ఆయన్ని అలా చూడటం మాకెవరికీ అలవాటు లేదు. సాయిబూ ఆయనా చెరో పక్కా పట్టుకుని మిషను పైకి ఎక్కించారు. మెట్ల మలుపులో సాయిబు ఏదో అన్నాడు, ఈయన “ఔను బాబూ, ఆయన కొడుకునే” అన్నారు. గట్టిగానే అన్నారు. తలుపుల సందుల్లోంచి చూస్తున్నవాళ్లందరికీ వినబడింది.

మిషనును గుమ్మంలోనే, తలుపు బార్లా తెరిచి, వరండా వైపు తిప్పి పెట్టించారు. మెళ్లో టేపు. అది మనవాళ్లు గొళ్లేనికి వేసిన టేపే. ప్యాంట్లన్నీ కుప్ప పోసుకుని కుట్టడం మొదలుపెట్టారు. మెట్లెక్కేవాళ్లూ దిగేవాళ్లూ అంతా ఆయన ముందునుంచే వెళ్లాలి. ఎవరూ పలకరించలేదు. ఆయనా తలెత్తలేదు. పొద్దుగూకేసరికి ప్యాంట్లన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఎవరిది వారికి పంపారు. ఒక్కొక్క దానికీ ఒక కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది.

సెక్రటరీ ప్యాంటుకు ఇలా ఉంది: ‘పొడవు సరిచేయబడినది. జేబులు పలుమార్లు చిరిగి యున్నవి. కారణం: యజమాని రోజంతయు జేబులలో చేతులు పెట్టుకొని నిలబడుట. పని చేసినచో జేబులు మన్నును.’

రెండో అంతస్తు ఆయనకు: ‘నడుము వద్ద కుట్టు తెగినది. వస్తువులో లోపం లేదు. లోపం యజమానిలో ఉన్నది. సాయంత్రపు బజ్జీలు తగ్గించవలెను.’

బ్యాంకు మేనేజరుగారికి: ‘ఈ ప్యాంటు పొడవు సరిగానే ఉన్నది. వెక్కిరింత నిమిత్తం పంపబడినది. అయినను అంచు కుట్టు బలహీనంగా ఉన్నందున మరల కుట్టబడినది.’

ఆ కాగితాలు ఎవరూ ఎవరికీ చూపించుకోలేదు. కానీ అందరికీ అందరివీ తెలిశాయి, ఎందుకంటే ఆయన కార్బన్ కాపీలు తీసి నోటీసు బోర్డుకు పెట్టారు. మార్గదర్శి అంటే అదేనేమో, సెక్రటరీనే అడగాలి.

సోమవారం పదింటికి మా తలుపు చప్పుడైంది. తీసి పక్కకు జరిగాను. ఆయన లోపలికి వచ్చి, కుడివైపు కుర్చీ దగ్గరికి వెళ్లలేదు. నా దగ్గరికి వచ్చారు.

“లెగమ్మా” అన్నారు.

లేచాను. మిషను ముందు కూర్చున్నారు. ఎడమచేత్తో గుడ్డను అలా అదిమి, కుడిచెయ్యి చక్రం మీద పెట్టి, మిషను మీద ఉన్న నలభై కుట్ల బొమ్మల వైపు ఒకసారి చూసి, “ఇవన్నీ ఎందుకేటి?” అని మొదటి కుట్టే నొక్కారు. గీత గీసినట్టు పోయింది. స్కేలు లేదు, సుద్దగీత లేదు. అన్ని నెలలు ఒళ్లో ముడుచుకుని కూర్చున్న ఆ చేతులు గుడ్డ తగలగానే పాతికేళ్లవాడి చేతులైపోయాయి. భాష కూడా మారిపోయింది. ‘పరిశీలించవలసి ఉన్నది’ పోయి, కంచరపాలెం వచ్చేసింది.

భాష మారింది గాని మనిషి మారలేదు. అది చెప్పకపోతే గ్రూపులో దండాలు పెట్టినవాళ్లకీ నాకూ తేడా ఉండదు. ఇదివరకు నోటితో రిజెక్ట్ చేసేవారు, ఇప్పుడు బ్లేడుతో చేశారు. నేను రెండు రోజులు కూర్చుని కుట్టింది రెండు నిమిషాల్లో పరపరా విప్పేసేవారు. నా ఫోన్లో తెల్లావిడను చూసి, “కొత్త గుడ్డ కొని, ముక్కలు కోసి, మళ్లీ అతుకుతాదేటీవిడ? మతి పోనాదా?” అన్నారు. బొంత మధ్యలోంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి, అంచునుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ బుగ్గలు పోస్తుందని ఆయనే నేర్పారు. నేర్పిన ప్రతిసారీ “టీచరువి గదా, ఒకపాలి సెప్తే సాలదా?” అని తోడు వేసేవారు. నేను బళ్లో ఎంతమందిని అలా అన్నానో గుర్తొచ్చి మళ్లీ విప్పేదాన్ని.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. మా అమ్మ పాత గద్వాల చీరను పైపొరగా వేసి ఆయన కుడుతున్నారు. నేను దారాలు తెంపుతున్నాను. అడక్కుండానే మొదలుపెట్టారు.

“మా నాన్న ఒకపాలి క్వార్టర్సుకి వచ్చేడమ్మా. నాకు ఉజ్జోగం వచ్చిన కొత్త. నలుగురు ఆఫీసర్లు మాయింట్లో టీ తాగతన్నారు. గుమ్మంలో మా నాన్న. సంకలో సంచీ, మెళ్లో టేపు. దుకాణం నించి వొచ్చీసి, తియ్యడం మర్సిపోనాడు. ఎవరయ్యా అని అడిగేడు ఒకాయన. మా టైలరండి, బట్టలిచ్చీడానికొచ్చేడు అనీసేను.”

మిషను ఆగలేదు. అదే వేగంతో పోతోంది.

“మీ నాన్నగారు ఏమన్నారు?”

“ఏటంటాడు? నా మొకం ఓపాలి సూసేడు. దండాలు బాబూ అన్నాడు. నాకే. ఆ ఆఫీసరు, మంచి టైలరైతే నాకూ ఓ సొక్కా కుట్టమను అన్నాడు. మా నాన్న టేపు తీసి ఆయనకి కొలతలు తీసేడు. బుజం, సాతీ, సెయ్యి… పైకి సదూతన్నాడు. నాను కాయితమ్మీద రాత్తన్నాను. మా అయ్యాకొడుకులం దుకాణంలో ఎలగ సేసేవోళ్లమో అలగే.”

బయట వాన పెరిగింది. మావారు లోపల టీవీ గొంతు తగ్గించారు. తనూ వింటున్నారన్నమాట.

“వారానికి సొక్కా పంపీసేడు. మనిషి మరి రాలేదు. నాను ఎల్తే మాటాడేవోడు, పెట్టేవోడు, మా ఇంటికి రమ్మంటే మాత్రం, దుకాణం వొదిలి ఎలగొస్తానురా అనీవోడు. ఆ ఆఫీసరు ఆ సొక్కా ఏళ్లతరబడి ఏసుకున్నాడు. ఎదురొచ్చినప్పుడల్లా కాలరు సూసేవోణ్ణి, కాజా సూసేవోణ్ణి, సంక కింద కుట్టు సూసేవోణ్ణి. ఒక్క తప్పు దొరకలేదమ్మా. ఒక్కటంటే ఒక్కటి.”

తెంపిన దారాలు గుప్పిట్లో ఉండ చేశాను. అప్పుడు అన్నాను, “అన్నయ్యగారూ, అపార్ట్‌మెంటులో అందరికీ చెప్పింది నేనే.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“ఆటోలో నువ్వు నవ్వాపుకోడం సూసేను గదా.”

“మరి నన్నేమీ అనలేదే?”

“ఏటంటాను? నువ్వు సెప్పింది నిజం. అబద్దం సెప్పింది నాను.” గుడ్డ చివరికి వచ్చింది. దారం తెంపి, నా చేతిలో ఉన్న అంచు లాక్కుని చూశారు. “ఏటిది, ఇలగేనా మడవడం? విప్పీ.”

విప్పేశాను. నామీద దయ చూపించారని ఎవరైనా అనుకుంటారేమో, అదేమీ లేదు. ఆ మూడు అడుగుల అంచు నాచేత నాలుగుసార్లు విప్పించారు.

ఆ తర్వాత అయిదు నెలలు బతికారు. మూడు బొంతలు పూర్తయ్యాయి. ఒకటి వాచ్‌మన్‌కి ఇచ్చారు, ఇస్తూ అతని సెల్యూట్‌కి మళ్లీ వంక పెట్టారు. ఒకటి సాయిబుకి పంపారు. ఒకటి మా ఇంట్లో ఉంది. ఒక పొద్దున స్నానం చేసి కుర్చీలో కూర్చున్న మనిషి టిఫిన్‌కి పిలిస్తే పలకలేదట.

పెద్దకర్మ భోజనాల్లో బ్యాంకు మేనేజరుగారు ఆయన గొప్పతనం గురించి రెండు నిమిషాలు మాట్లాడారు. ఏ ప్యాంటు వేసుకుని వచ్చారో నేను చూశాను. అంచు కుట్టు గట్టిగానే ఉంది.

అది జరిగిన వారానికి వదిన పైకి వచ్చి, కిందికి రమ్మని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. గుమ్మంలో ఉండే మిషను ఇప్పుడు హాల్లో కిటికీ పక్కన ఉంది.

“ఎవులికైనా ఇచ్చీ అంటన్నారు మా మరుదులు. హాల్లో అడ్డమంట” అంది.

“ఇచ్చేస్తారా వదినా?”

“ఎందుకిత్తాను? పెళ్లైన కొత్తలో ఓ మిషను కొనండి, నానూ నేర్సుకుంటానంటే ఏటన్నాడో తెలుసా? ఈ గడపలోకి మిషనొస్తే నాను బయటికెల్లిపోతానన్నాడు. మరి అడగలేదు. ఇప్పుడు మిషనుంది, ఆయన లేడు. నాకు నేర్పు.”

“మిషను వచ్చిన ఇన్ని నెలల్లో అన్నయ్యగారినే అడగాల్సింది.”

“ఆయన కాడ నేర్సుకోడమా? బతకనిచ్చీవోడా నన్ను?” అంది. అనేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వేశాను. ఆవిడా నవ్వింది. ఇద్దరికీ కళ్లు తడిశాయి, ఎవరం తుడుచుకోలేదు.

కుర్చీ మీద కూర్చోబెట్టి, కాళ్లు ఎలా పెట్టాలో చూపించాను. మొదటిసారి చక్రం వెనక్కి తిరిగింది. రెండోసారీ వెనక్కే. మూడోసారి దారం తెగింది. ఆవిడ ఏమీ అనుకోకుండా లేచి బీరువా తీసి, ఆయన ప్లాంటు ఖాకీ జత బయటికి తెచ్చింది. రిటైరైన ఇన్నేళ్లూ నెలకోసారి ఉతికి, ఇస్త్రీ చేసి, హ్యాంగరుకు తగిలించి ఉంచిన జత అది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదట. దాన్ని మిషను బల్ల మీద పరిచి, కత్తెర అందుకుంది.

“దేనికి వదినా?”

“బొంతకి. కొత్త గుడ్డ కొంటే ఆయన ఊరుకుంటాడా?”

“ఉండండి, ముందు కొలిచి గీత గీసుకోవాలి” అన్నాను.

“నువ్వూరుకో” అని, ఇస్త్రీ మడతకు అడ్డంగా కత్తెర పెట్టి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా సర్రున కోసేసింది.